పట్టికలో చెరిగి, మరల వెలసిన పేరు: బ్రామ్ ఫిషర్ జీవితం

1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరినది మొదలు, మన పూర్వులకు చట్టం అనునిత్యం ఎదురుపడే శక్తి అయింది. గిరిమిట్ కాలంలో తోట సరిహద్దు దాటవలెనంటే యజమాని వ్రాసి ఇచ్చిన చీటీ ఉండాలి. చీటీ లేకుండా దారిలో పట్టుబడినవాడికి జైలు. పనికి రాకపోవడం సైతం శిక్షార్హమైన నేరమే. గిరిమిట్ ముగిసినవారు ఈ దేశంలోనే నిలిచిపోదలచినచో ఏటా 3 పౌండ్ల పన్ను కట్టవలెనని 1895లో నటాల్ ప్రభుత్వం చట్టం చేసింది. ఆ పన్ను కట్టలేక కారాగారానికి వెళ్ళినవారిని ఊరిలో ఎవరూ దొంగలుగా చూడలేదు. చట్టాన్ని మీరినవాడు వేరు, తప్పు చేసినవాడు వేరు అన్న వివేకం మన పెద్దలకు చదువు వలన గాక అనుభవం వలన అబ్బింది.

ఆ వివేకాన్ని ఒక న్యాయవాది విషయంలో న్యాయస్థానమే పాటించవలసి వచ్చినప్పుడు ఏమి జరిగిందో తెలిపేది బ్రామ్ ఫిషర్ జీవితం. ఆయన మన జాతివాడు కాదు, తోటలలో పుట్టినవాడూ కాదు. అయినను ఈ దేశంలో మన సమానత్వం కోసం సర్వస్వం పోగొట్టుకున్నవారిలో ఆయన ఒకరు. పోగొట్టుకున్నవాటిలో ఆయన మనస్సును మిక్కిలి నొప్పించినది ఒక పట్టికలో తన పేరు.

ఏబ్రహాం ఫిషర్ 1908 ఏప్రిల్ 23న బ్లూమ్‌ఫాంటైన్‌లో జన్మించారు. అందరూ బ్రామ్ అని పిలిచేవారు. ఆఫ్రికానర్ కుటుంబాలలో అంతటి ప్రతిష్ఠ గలవి కొద్దిగానే ఉండేవి. తాతగారు, పేరు ఏబ్రహాం ఫిషరే, ఆరెంజ్ రివర్ కాలనీకి ప్రధానమంత్రిగా పనిచేశారు. తండ్రి పెర్సీ ఫిషర్ ఆరెంజ్ ఫ్రీ స్టేట్ న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి పదవి వరకు ఎదిగారు. బ్రామ్ చదువులోనూ ఆటలోనూ మేటి. 1928లో న్యూజిలాండ్ జట్టు పర్యటనకు వచ్చినప్పుడు ఫ్రీ స్టేట్ పక్షాన రగ్బీ ఆడారు. రోడ్స్ విద్యార్థివేతనంతో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళి చదువుకున్నారు. ఆ వంశంలో పుట్టి ఆ చదువు చదివిన యువకుడు ఒకనాడు దేశానికి ప్రధాన న్యాయమూర్తియో ప్రధానమంత్రియో కాగలడని చుట్టుప్రక్కలవారు తలచడంలో వింత లేదు.

ఆ బాటనుండి ఆయనను మరలించిన సంఘటన బయటివారికి అల్పంగా తోచవచ్చును. బాల్యంలో పొలం వద్ద ఆయన ఆటలన్నీ ఆఫ్రికన్ బాలురతోనే. యువకుడైన పిమ్మట ఒక సభలో ఒక ఆఫ్రికన్ పెద్దమనిషితో కరచాలనం చేయవలసి వచ్చినప్పుడు తన చేయి వెనుకాడడం ఆయన గమనించారు. చిన్ననాడు లేని ఏవగింపు ఎక్కడి నుండి వచ్చిందని ఆ రాత్రి తన్ను తాను ప్రశ్నించుకున్నారు. మారినది ఎదుటివారు కారు, తానే అని తెలుసుకున్నారు. వర్ణద్వేషం ప్రకృతిసిద్ధం కాదు, నేర్పబడినది అన్న ఎరుక ఆయనకు అక్కడ మొదలైంది. కొంతకాలానికి ఆయన కమ్యూనిస్టు పార్టీలో చేరారు. ఆనాడు అన్ని వర్ణాలవారినీ సమానులుగా చేర్చుకునే రాజకీయపక్షం ఈ దేశంలో మరొకటి దాదాపు లేదు.

1937లో మాలీ క్రీగతో ఆయన వివాహం జరిగింది. జోహానెస్‌బర్గ్‌లోని వారి ఇంటికి అన్ని వర్ణాలవారూ వచ్చేవారు. ఒక ఆఫ్రికన్ బాలికను తమ బిడ్డలతో పాటుగా పెంచారు. భారతీయ కుటుంబాలను నగరం వెలుపలికి తరిమే ప్రయత్నాలు సాగుతున్న రోజులలో ట్రాన్స్‌వాల్ ఇండియన్ కాంగ్రెస్ ఫోర్డ్స్‌బర్గ్‌లో మన పిల్లల కోసం నెలకొల్పిన ఉన్నత పాఠశాలలో మాలీ పాఠాలు చెప్పారు.

న్యాయవాద వృత్తిలో ఫిషర్ అగ్రశ్రేణికి చెందినవారు. గనుల కంపెనీల వ్యవహారాలు, పేటెంట్ తగాదాలు ఆయన చేతికి వచ్చేవి. కమ్యూనిస్టు అని తెలిసియే పెద్ద కంపెనీలు ఆయనను నియమించుకునేవి. ఆయన మాటమీద న్యాయమూర్తులకు ఉన్న నమ్మకం అట్టిది. తోటి న్యాయవాదులు ఆయనను జోహానెస్‌బర్గ్ బార్ కౌన్సిల్‌కు అనేక పర్యాయాలు ఎన్నుకున్నారు. 1946లో ఆఫ్రికన్ గని కార్మికుల సమ్మె సందర్భంగా పెట్టిన కేసులో ఆయనకు జరిమానా పడింది. అయినను వృత్తిలో ఆయన స్థానం చెక్కుచెదరలేదు.

1956 డిసెంబరులో 156 మందిని రాజద్రోహ నేరంపై నిర్బంధించారు. వారిలో 105 మంది ఆఫ్రికన్లు, 23 మంది శ్వేతజాతీయులు, 21 మంది భారతీయులు, 7గురు మిశ్రమజాతివారు. వారి పక్షాన వాదించిన న్యాయవాదులలో ఫిషర్ ఒకరు. నాలుగు సంవత్సరాలకు పైగా సాగిన ఆ విచారణ 1961 మార్చిలో మిగిలిన ముద్దాయిలందరి విడుదలతో ముగిసింది.

1963లో రివోనియా కేసు వచ్చింది. నెల్సన్ మండేలా, వాల్టర్ సిసులు, అహ్మద్ కత్రాడా మొదలైనవారికి ఉరిశిక్ష తప్పదని దేశమంతా అనుకుంటున్న సమయంలో ప్రతివాదుల న్యాయవాద బృందానికి ఫిషర్ నాయకత్వం వహించారు. వెర్నన్ బెరాంజే, జార్జ్ బిజోస్, ఆర్థర్ చాస్కల్సన్, జోయెల్ జోఫ్ ఆయనకు తోడు. ఆ బాధ్యతలోని ప్రమాదం ఎట్టిదో బయటివారికి తెలియదు. పోలీసులు దాడి చేసిన రివోనియా క్షేత్రానికి ఆయన స్వయంగా వెళ్ళి వచ్చినవారే. అక్కడి పనివారు సాక్ష్యం చెప్పే రోజులలో తన్ను గుర్తుపట్టుదురేమో అని ఆయన న్యాయస్థానానికి రాకుండా ఉండవలసి వచ్చింది. 1964 జూన్ 12న న్యాయమూర్తి క్వార్టస్ డి వెట్ 8 మందికి యావజ్జీవ కారాగార శిక్ష విధించారు. ఉరి తప్పింది.

ఆ మరునాడు ఫిషర్ దంపతులు కూతురి పుట్టినరోజుకై కేప్‌టౌన్‌కు కారులో బయలుదేరారు. దారిలో కారు అదుపు తప్పి నీటిలో పడింది. ఫిషర్ బయటపడ్డారు, మాలీ మునిగిపోయారు. కొద్ది దినాలకే ఆయన అప్పీలు విషయం మాట్లాడుటకు రాబెన్ ద్వీపానికి వెళ్ళారు. మండేలా మాలీ క్షేమం అడిగినప్పుడు ఫిషర్ ముఖం త్రిప్పుకొని మాట మార్చారు. ఆమె మరణవార్త మండేలాకు తరువాత జైలు అధికారి ద్వారా తెలిసింది. కక్షిదారుల ముందు తన దుఃఖాన్ని పెట్టరాదని ఆయన తలచినట్లు తోస్తుంది.

ఆ సంవత్సరం సెప్టెంబరులో ఫిషర్‌నే అరెస్టు చేశారు. నిషిద్ధమైన కమ్యూనిస్టు పార్టీలో సభ్యుడన్నది ఆరోపణ. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఎదుట ఒక మందుల కంపెనీ పేటెంట్ వ్యాజ్యం ఆయన వాదించవలసి ఉండెను. న్యాయస్థానం 10,000 రాండ్ల జామీనుపై విడుదల చేసి ఆయనను లండన్‌కు వెళ్ళనిచ్చింది. అక్కడి మిత్రులు తిరిగి వెళ్ళవద్దని బ్రతిమాలారు. వెళ్తే జైలే అని ఆయనకూ తెలుసు. తిరిగి వస్తానని మాట ఇచ్చినందున తిరిగి వచ్చారు. విచారణకు హాజరయ్యారు.

అట్టి మనిషి 1965 జనవరి 25న న్యాయస్థానానికి రాలేదు. తన న్యాయవాది హెరాల్డ్ హాన్సన్ పేర ఒక లేఖ మాత్రం వచ్చింది. దానిని సభలో చదివారు. శిక్షకు భయపడి పారిపోవడం లేదనియు, దేశం విడిచి వెళ్ళననియు, అన్యాయమైన వ్యవస్థను ఎదిరించుటకు అజ్ఞాతంలో ఉండడమే తన విధి అని నిశ్చయించుకున్నాననియు ఆ లేఖ సారాంశం. కట్టిన జామీను సొమ్ము ప్రభుత్వపరమైంది. బార్ కౌన్సిల్ ఆలస్యం చేయలేదు. కొద్ది దినాలలోనే, ఆయన పేరును న్యాయవాదుల పట్టికనుండి తొలగించవలెనని న్యాయస్థానాన్ని కోరబోవుచున్నట్లు ప్రకటించింది. ఏండ్ల తరబడి ఏ సంస్థలో ఆయన కూర్చున్నారో, ఆ సంస్థయే.

ఇక్కడ ఈ తొలగింపు అనేది ఏమిటో కొంత వివరించుకోవాలి. న్యాయవాది తన కక్షిదారునికి సేవకుడు మాత్రమే కాదు, న్యాయస్థానానికి అధికారి వంటివాడు. ఆయన చెప్పిన మాటను న్యాయమూర్తి నమ్మగలగాలి. అందుచేత దక్షిణాఫ్రికాలో న్యాయవాది పేరు పట్టికలో చేర్చేదీ, తొలగించేదీ ఉన్నత న్యాయస్థానమే. వృత్తి సంఘం ఫిర్యాదు చేయవచ్చును గాని తీర్పు చెప్పజాలదు. న్యాయస్థానం మూడు మెట్లుగా ఆలోచిస్తుంది. మొదట, ఆరోపించిన పని నిజంగా జరిగిందా? రెండవది, ఆ పని చేసినవాడు వృత్తికి తగిన యోగ్యుడేనా? మూడవది, తగడని తేలితే కొంతకాలం సస్పెండు చేస్తే చాలునా, లేక పేరే కొట్టివేయవలెనా? ఈ చర్య ఉద్దేశం శిక్షించడం కాదని, ప్రజలనూ న్యాయస్థానాన్నీ కాపాడడమని సూత్రం. కక్షిదారు సొమ్ము అపహరించినవాడినీ, న్యాయమూర్తికి అబద్ధం చెప్పినవాడినీ తొలగించడంలో ఎవరికీ సందేహం ఉండదు. చిక్కంతా రెండవ మెట్టు వద్దనే. చట్టాన్ని ఉల్లంఘించినంత మాత్రాన మనిషి శీలం చెడినట్లేనా?

ఈ ప్రశ్నకు ఈ దేశపు న్యాయస్థానాలు అంతకు పూర్వమే రెండు సార్లు జవాబు చెప్పి ఉన్నాయి. బోయర్ యుద్ధకాలంలో క్రౌజ్ అను న్యాయవాది ఒక వ్యక్తిని చంపుటకు ప్రేరేపించ యత్నించాడని ఇంగ్లండులో శిక్ష పడింది. ఆయన 1905లో ట్రాన్స్‌వాల్‌లో మరల వృత్తిలో చేరగోరినప్పుడు, యుద్ధపరిస్థితులలో జరిగిన ఆ నేరం ఆయన స్వభావంలోని దోషాన్ని చూపదని న్యాయస్థానం అనుమతించింది. తరువాతి కాలంలో ఆయన న్యాయమూర్తి కూడా అయ్యారు. రెండవది మండేలా వ్యవహారం. 1952 నాటి సత్యాగ్రహోద్యమంలో ఆయనకు శిక్ష పడినందున పట్టికనుండి తొలగించవలెనని ట్రాన్స్‌వాల్ న్యాయవాదుల సంఘం కోరింది. 1954లో న్యాయమూర్తి రామ్స్‌బాటమ్ ఆ కోరికను నిరాకరించారు. తన ప్రజల మేలు కోరి చేసిన ఉల్లంఘనలో ఆయన శీలానికి మచ్చ తెచ్చేది ఏదీ లేదని నిర్ణయించి, ఖర్చులు సంఘమే భరించుకోవలెనని ఆదేశించారు.

లండన్‌లో మాత్రం ఇందుకు భిన్నంగా జరిగింది. 1894లో నటాల్ న్యాయవాదుల సంఘం అభ్యంతరాన్ని త్రోసిపుచ్చి ఇక్కడి న్యాయస్థానం ఎవరిని వృత్తిలో చేర్చుకుందో, ఆ గాంధీజీ పేరునే, రాజద్రోహ శిక్ష కారణంగా 1922లో ఇన్నర్ టెంపుల్ తన పట్టికనుండి తొలగించింది. దానిని తిరిగి చేర్చినది 1988లో, ఆయన మరణించిన 40 సంవత్సరాలకు.

ఫిషర్ వీటన్నిటినీ ఎరిగినవారు. అజ్ఞాతం నుండియే, తన పక్షం వినిపించవలెనని కోరారు. సిడ్నీ కెంట్రిడ్జ్, ఆర్థర్ చాస్కల్సన్ ఆయన తరఫున నిలిచారు. ఆయన చర్యకు ప్రేరణ అంతరాత్మయే గాని స్వార్థం కాదు గనుక, క్రౌజ్, మండేలా తీర్పుల వరుసలోనే దీనిని చూడవలెనని వారి వాదన సారం. అయితే ఈ వ్యవహారంలో ఒక భేదం ఉన్నది, దానిని దాచవలసిన పని లేదు. మండేలా న్యాయస్థానానికి ఏ మాటా ఇచ్చి తప్పలేదు. ఫిషర్ జామీనుపై విడుదలై, హాజరవుతానని ఒప్పుకొని, హాజరు కాలేదు. సామాన్యుడు మాట తప్పడం వేరు, న్యాయస్థానం మాటమీదనే నమ్మిన న్యాయవాది తప్పడం వేరు. లండన్ నుండి ఆ మాట కోసమే తిరిగి వచ్చినవారికి ఆ భేదం తెలియకపోలేదు. తెలిసే, రెండు విధుల మధ్య ఒకదానిని ఎన్నుకున్నారు.

1965 నవంబరు ఆరంభంలో ప్రిటోరియాలో తీర్పు వచ్చింది. రివోనియా కేసులో ఎవరి ఎదుట ఫిషర్ మండేలా ప్రాణం కోసం వాదించారో, ఆ క్వార్టస్ డి వెట్ అప్పటికి ట్రాన్స్‌వాల్ ప్రధాన న్యాయమూర్తి. ఆయన నేతృత్వంలోని న్యాయస్థానం ఫిషర్ పక్షపు వాదనను అంగీకరించలేదు. పేరు కొట్టివేయబడింది. ఆ నెల 11వ తేదీన, డగ్లస్ బ్లాక్ అను మారుపేరుతో, మారిన రూపంతో జోహానెస్‌బర్గ్‌లోనే దాదాపు పది నెలలు తిరిగిన ఆయన పోలీసులకు చిక్కారు. కోరినది తొలగింపే అయినచో, కొద్ది దినాలు ఆగినట్లయితే ఆయనను ఎదుట నిలిపి, ఆయన నోటనే వినే అవకాశం న్యాయస్థానానికి దొరికేది. ముద్దాయి లేనప్పుడు ఆయన శీలంపై తీర్పు చెప్పుటకు అంత తొందర ఎందుకన్న ప్రశ్న ఆనాటి బార్ కౌన్సిల్‌ను చాలాకాలం వెంటాడింది. ప్రభుత్వం తన్ను శత్రువుగా చూడడం ఫిషర్‌కు వింత కాదు. తన్ను ఎరిగిన సహచరులు తన్ను గౌరవహీనుడని పిలవడమే ఆయన భరించలేకపోయారు.

1966 మే నెలలో ఆయనకు యావజ్జీవ కారాగార శిక్ష పడింది. ప్రిటోరియా జైలులో ఆయన గడిపిన 9 సంవత్సరాలలో చిన్న కొడుకు పాల్ 1971లో మరణించాడు. అంత్యక్రియలకు తండ్రిని పంపలేదు. 1974లో ఆయనకు కేన్సర్ సోకింది. జైలులో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు తగిన వైద్యం సకాలంలో అందలేదు. ఆయనను ఎత్తి కూర్చోబెట్టి, స్నానం చేయించి కాపాడినవాడు తోటి ఖైదీ డెనిస్ గోల్డ్‌బర్గ్. రివోనియాలో ఫిషర్ వాదించి ఉరి తప్పించిన ముద్దాయిలలో ఒకడు. 1975 మార్చిలో, మరణం ఖాయమని తేలిన పిదప, బ్లూమ్‌ఫాంటైన్‌లోని సోదరుని ఇంటినే జైలుగా ప్రకటించి ఆయనను అక్కడికి తరలించారు. మే 8న ఆయన కన్నుమూశారు. దహనం పిమ్మట చితాభస్మాన్ని కుటుంబానికి ఇవ్వక జైళ్ళశాఖ తీసుకొనిపోయింది.

1994లో ప్రభుత్వం మారింది. ఆయన కక్షిదారుడైన మండేలా దేశాధ్యక్షుడయ్యారు. ఆయన పక్షాన వాదించిన చాస్కల్సన్ కొత్త రాజ్యాంగ న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యారు. అయినను పట్టికలో ఆ పేరు చెరిగే ఉంది. మరణించినవారి పేరును తిరిగి చేర్చుటకు చట్టంలో మార్గం లేకపోయింది. అందుకై 2002లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. వర్ణవివక్షను ఎదిరించు క్రమంలో చేసిన పని వలన పేరు కోల్పోయి మరణించిన న్యాయవాదిని, కుటుంబమో వృత్తి సంఘమో కోరినచో, ఉన్నత న్యాయస్థానం తిరిగి పట్టికలో చేర్చవచ్చునన్నది దాని సారం. ఆయన కుమార్తెలు రూత్, ఇల్జె దరఖాస్తు చేశారు. జోహానెస్‌బర్గ్ బార్ కౌన్సిల్ ఈసారి ఆ కోరికను సమర్థించింది. 2003 అక్టోబరులో ఏబ్రహాం ఫిషర్ పేరు పట్టికకు తిరిగి వచ్చింది. అట్లు మరణానంతరం పునఃస్థాపితుడైన తొలి న్యాయవాది ఆయనే. 2012లో బ్లూమ్‌ఫాంటైన్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు.

ఈ కథ నుండి మనం గ్రహించవలసినది న్యాయవాదులు మాట తప్పవచ్చునని కాదు. న్యాయస్థానానికి ఇచ్చిన మాటకు విలువ లేకపోతే మనవంటి బలహీనులకే ముందుగా నష్టం. ఎందుకంటే న్యాయస్థానంలో మన తరఫున నిలిచేది న్యాయవాది మాట ఒక్కటే. బాలసుందరం అను గిరిమిటియా కూలీ యజమాని కొట్టిన దెబ్బలతో గాంధీజీ కార్యాలయానికి వచ్చినప్పుడు అతనికి ఉన్న అండ అదే. క్రమశిక్షణ కావాలి, తొలగించే అధికారం న్యాయస్థానానికి ఉండాలి. కాని ఆ అధికారాన్ని చేతబట్టినవారు ఉల్లంఘనను మాత్రమే చూచి ఊరకోరాదు. ఏ చట్టం, ఎవరు చేసినది, దానిని మీరినవాడు తనకోసం ఏమి ఆశించాడు, తానేమి కోల్పోయాడు అని కూడా చూడాలి. 1905లోను 1954లోను న్యాయస్థానాలు అది చూచాయి. 1965లో చూడలేదు; దానిని సరిదిద్దుటకు 38 సంవత్సరాలు పట్టింది.

చీటీ లేక పట్టుబడి జైలుకు వెళ్ళిన మన ముత్తాతల పేర్లు నటాల్ న్యాయాధికారుల పుస్తకాలలో నేరస్థులుగానే నమోదై ఉన్నాయి. వారి కోసం ఏ పార్లమెంటూ ప్రత్యేక చట్టం చేయలేదు. ఆ పేర్లను వెదకి, వారి వంశవృక్షంలో గౌరవంగా వ్రాసుకొనే పని మనదే.